బందరు దారిలో స్నానాల గది

ఎల్బీ నగర్,
జనవరి నెల

అమల వదినకు,

నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా నేను ఎత్తడం లేదని అలిగావని తెలుసు. అలగడం ఆడపడుచు హక్కు, అలుగు. నేను మాత్రం ఉత్తరమే రాస్తాను. పాతికేళ్లు సిటీ బస్సులో టికెట్లు కొట్టిన చెయ్యి ఇది. ఊరికే ఉంచితే దురద పెడుతోంది.

కబురు ఏమిటంటే, మేం ఒక డబ్బా కట్టించాం. నవ్వకు. కారు వెనక తగిలించి లాక్కుపోయే ఇల్లు. ట్రైలర్ అంటారు. వీడియోల్లో తెల్లదొరలు అందులో సంసారాలే చేసేస్తున్నారు. మనది అంత గొప్పది కాదు. ఒక మంచం, ఒక పొయ్యి గట్టు, వెనక మూలన తలుపు ఉన్న స్నానాల గది, అందులో కమోడ్, షవర్, వాటికి నీళ్ల ట్యాంకు, పంపు. మీ అన్న మట్టయ్యకు తెలిసిన షెడ్డులో చేయించాం. మా బొలేరో దాన్ని బాగానే లాగుతుంది. ప్రస్తుతం అల్మాస్‌గూడలో మా ఖాళీ ప్లాటు మీద ఉంది. కాలనీ వాళ్లు వచ్చి తొంగి చూసి పోతున్నారు.

స్నానాల గదిని మాత్రం మీ అన్న షెడ్డు వాళ్లను ముట్టనివ్వలేదు. వాళ్లేమో షవర్ కింద ఫైబర్ తట్ట ఒకటి అమరుస్తామన్నారు. "గా తట్టల నిలవడి ఎవరన్న తానం చేస్తరా? నేను మేస్త్రీని. నా పెండ్లాం తానం చేసే జాగ నేనే కడత" అన్నాడు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి హయత్‌నగర్ దాకా ఎన్ని ఇళ్లలో బాత్రూములు కట్టాడో ఆయనకే లెక్క తెలియదు. సిమెంటు పరిచి, నీలం టైల్స్ వేసి, సందుల్లో తెల్ల సిమెంటు దిద్ది, పైపుల్ని గోడకు కదలకుండా బిగించాడు. అంతా పక్కా. నీళ్లు పట్టి షవర్ విప్పి చూశాం. చుక్క బయటికి రాలేదు.

ఎండలు ముదరక ముందే మీ బందరు వస్తాం. మా ఎల్బీ నగర్ చౌరస్తాలో ఎక్కిన రోడ్డు మీ ఊరి దాకా ఒకటే. ఇన్నేళ్లు బస్సులో తిరిగాను గానీ సముద్రం చూడలేదు వదినా, దిల్‌సుఖ్‌నగర్ నుంచి హయత్‌నగర్, హయత్‌నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్, అంతే. ఈసారి మంగినపూడి బీచి చూడకుండా వెనక్కి రాను.

ఒక్క షరతు. స్నానాల గది చుక్క కారదని నమ్మకం కుదిరాకే బయలుదేరతాను. ఎందుకని అడగకు.

నీ వదిన,
అరుణజ్యోతి


బందరు,
ఫిబ్రవరి

అరుణ వదినకు,

నీ డబ్బా కబురు చదివి మావారికి కూడా చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "ఇంటిని లాక్కుంటూ రావడమేమిటి, ఇక్కడ ఇల్లుందిగా?" అన్నారు. బ్యాంకులో పనిచేసిన బుర్ర అది, ఏదీ రెండుసార్లు ఉండకూడదు.

నాకూ అదే అనుమానం. ఇంత హడావుడి దేనికి చెప్పు? మీ ఇంటి ముందు బస్సెక్కితే మా ఊళ్లో దిగుతావు. రిటైరైన వాళ్లకి పాస్ కూడా ఉంటుందని నువ్వే అన్నావు. మా ఇంట్లో రెండు బాత్రూములున్నాయి, రెండింట్లోనూ నీళ్లొస్తాయి, రెండూ కారవు. నీ ఆపరేషనై రెండేళ్లు దాటిపోయింది, డాక్టరు తిరగమన్నాడని కూడా రాశావు. మరింకేం అడ్డం?

నిజం చెప్తున్నాను, నువ్వు రావాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో మెస్ మూసి వచ్చేశాక నాతో అరిచి మాట్లాడే మనిషే లేదు. కోచింగ్ పిల్లలు "ఆంటీ, సాంబార్లో ఉప్పేదీ" అని అరిచేవాళ్లు. నువ్వు డ్యూటీ దిగి వచ్చి పై మెట్టు మీద కూర్చుని "అన్నముందా, అయిపాయెనా?" అని అరిచేదానివి. ఇక్కడ అందరూ నెమ్మదస్తులు. నా గొంతే నాకు పెద్దగా వినిపిస్తోంది.

అన్నయ్యతో చెప్పు, ఆ రాజమహల్ బాత్రూము చూడాలని నాకూ ఉంది. కానీ దాని కోసం ఆగొద్దు. బస్సెక్కి వచ్చేయ్.

నీ ఆడపడుచు,
అమల


ఎల్బీ నగర్,
మార్చి

అమల వదినకు,

డబ్బా కదిలింది. కారింది.

ప్లాటులోంచి తీసి సాగర్ రింగు రోడ్డు దాకా తీసుకెళ్లి తెచ్చాం. మన వైపు స్పీడు బ్రేకర్ల సంగతి నీకు తెలియనిదా, ఎవరింటి ముందు వాళ్లు ఒకటి కట్టుకున్నారు. తిరిగొచ్చి తలుపు తీస్తే నీలం టైల్స్ మధ్య సన్నని పగులు. షవర్ విప్పితే మంచం కింద చాప తడిసింది. "గింత పగులే, ఏం గాదు" అని మీ అన్న మళ్లీ తెల్ల సిమెంటు కూరాడు. ఆరాక నీళ్లు పోసి చూస్తే చుక్క లేదు. మళ్లీ రోడ్డెక్కించాం. ఈసారి గోడలో పైపు మలుపు దగ్గర విరిగింది. కొత్త మలుపు వేసి, గమ్ము రాసి, దాని మీద ఇంకో బిగింపు కొట్టాడు. నిలబడి ఉన్నంతసేపు బంగారం. మూడోసారి తిరిగొస్తే కమోడ్ వెనక చెక్క ఉబ్బి కూర్చుంది.

మీ అన్న బిగిస్తాడు, రోడ్డు విప్పుతుంది. ఇదీ మా సంసారం.

నాకు ఇంట్లో కాలు నిలవడం లేదు. కిటికీ తెరిస్తే చౌరస్తాలో బస్సుల వాళ్ల కేకలు. "విజయవాడ, విజయవాడ, విజయవాడ" అని పొద్దస్తమానం. ఆ కేక వింటే ఎక్కడున్నా లేచి నిలబడతాను. మెట్లు దిగి గేటు దాకా పోతాను, గేటు పట్టుకుని కాసేపు ఉంటాను, మళ్లీ ఎక్కి వస్తాను. పొయ్యి మీద పాలు పొంగిపోతాయి. నిన్న మీ అన్న "జర కూసో, నీ కాళ్లకు చక్రాలున్నయా?" అన్నాడు. కూర్చోలేను. అన్నం కూడా నిలబడే తింటున్నాను.

బస్సెక్కి రమ్మన్నావు. బస్సు సంగతి నువ్వు నాకు నేర్పకు.

అరుణజ్యోతి


బందరు,
ఏప్రిల్

అరుణజ్యోతికి,

నీకు కోపమొచ్చిందని తెలిసింది. నాకూ వచ్చింది. కాబట్టి ఈసారి వదినా అని రాయలేదు.

మెస్ మూసి సామాను లారీకెక్కించిన రోజు వస్తానన్నావు. నీకోసం లారీని ఆపించి, డ్రైవరు చేత తిట్లు తిన్నాను. నువ్వు రాలేదు. ఫోన్ కూడా చెయ్యలేదు. ఇక్కడ గృహప్రవేశానికి పిలిస్తే రాలేదు. మా అమ్మాయి సంతోషి సీమంతానికి, ఆ పిల్ల "అత్తొస్తే గాజులు అత్త చేతే వేయించుకుంటా" అని కూర్చుంది, నువ్వు రాలేదు. నీ డ్యూటీ దిగి వచ్చి దాన్ని ఒళ్లో వేసుకుని అన్నం పెట్టిన రోజులున్నాయి, దానికి గుర్తున్నాయి. ప్రతిసారీ ఏదో వంక. ఒకసారి జ్వరం, ఒకసారి చుట్టాలు. ఇప్పుడు వంక పేరు పైపు.

నామీద మనసు విరిగితే ఆ ముక్క రాసేయ్. చదువుకుని, ఏడ్చి, ఊరుకుంటాను. అంతేగానీ ఇంకోసారి పైపు గురించి రాస్తే చదవను.

అమల


ఎల్బీ నగర్,
మే

అమల వదినకు,

పైపు గురించే రాస్తున్నాను. చదువు.

ఆపరేషన్‌లో పేగు కొంత తీసేశారని నీకు చెప్పాను. మిగతాది చెప్పలేదు. మిగిలిన పేగు చివరను పొట్ట మీదికి తెచ్చి తెరిచారు. దాని మీద ఒక సంచి అతికించుకుంటాను. మలం అందులోకి వస్తుంది. ఎప్పుడు వస్తుందో నా చేతిలో లేదు. కొన్నాళ్లకు పోయేది కాదు, నేనున్నన్నాళ్లూ ఇంతే. రాశాను.

సంచి నిండితే ఖాళీ చేసి కడుక్కోవాలి. ఒక్కోసారి చెమటకు అంచు ఊడుతుంది. ఊడితే అప్పటికప్పుడు బట్టలు విప్పి స్నానం చెయ్యాలి. బస్టాండు బాత్రూములు నాకు తెలుసు వదినా, ఉద్యోగమంతా వాటితోనే గడిచింది. గడియ లేని తలుపును ఒక చేత్తో పట్టుకుని పని కానిచ్చుకునేదాన్ని. ఇప్పుడు నాకు రెండు చేతులూ కావాలి. నీళ్లు కావాలి. ఎవరూ తలుపు కొట్టకుండా ఉండాలి.

మీ లారీ బయలుదేరిన రోజు నేను ఇంట్లోంచి బయలుదేరాను. బస్సెక్కాను. కొత్తపేట రాకముందే ఊడింది. పక్కన కూర్చున్నావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. ఆవిడను ఏమనగలను, నేనైనా అదే చేసేదాన్ని. దిగిపోయాను. కండక్టరు పిల్ల "ఏమైందమ్మా, ఈడ దిగుతున్నరేంది?" అని అడుగుతూనే ఉంది. నా దగ్గర పని నేర్చుకున్న పిల్ల. ముసుగు కప్పుకోవడంతో నన్ను గుర్తుపట్టలేదు. ఎండలో నడిచి ఇంటికి వచ్చాను. ఆ తర్వాత ఏ బస్సూ ఎక్కలేదు. ఫోన్ ఎత్తితే నీ గొంతులో జాలి వినిపిస్తుందేమోనని ఫోనూ ఎత్తలేదు.

డబ్బా కావాలని నేను అడగలేదు. ఒకరోజు మీ అన్నే అన్నాడు, "నువ్వు తలుపేసుకునే జాగ నీ ఎంబడే ఒస్తది, సూడు" అని. అన్నాక నెల తిరక్కుండా షెడ్డుకు పోయి మాట్లాడి వచ్చాడు. అందుకే ఆ గది ఆయనే కట్టాలన్నాడు. అందుకే అది కారుతుంటే నాకు పిచ్చెక్కుతోంది. తడిసిన చెక్క కుళ్లుతుంది, వాసన వేస్తుంది. వాసన అంటే నాకిప్పుడు ఎంత భయమో నీకు చెప్పలేను. నిన్న ఆయన మళ్లీ సిమెంటు కలుపుతుంటే సబ్బు పెట్టె తీసి గోడకేసి కొట్టాను. ఆయన పెట్టె ఏరి తెచ్చి అక్కడే పెట్టాడు.

ఇప్పుడు చెప్పు. రానా, వద్దా?

అరుణ


బందరు,
మే

వదినా,

నా జాలికి భయపడ్డావు కాబట్టి జాలి పడను. కోప్పడతాను. మెస్‌లో అంతమంది ఆడపిల్లలు వాడిన బాత్రూముల తూములు పూడుకుపోతే చెయ్యి పెట్టి తీసిందెవరు? నేను. చూసి నవ్విందెవరు? నువ్వు. అలాంటి నాకు నీ సంచి చూసి రోత పుడుతుందనుకున్నావా? దీనికి నువ్వు వచ్చాక నీతో రెండు రోజులు మాట్లాడను. మూడో రోజు నుంచి మాట్లాడతాను.

ఉత్తరం చదివాక నేనేం చేశానో రాయను. మావారు రెండుసార్లు కాఫీ పెట్టి ఇచ్చారు, అంతవరకే చెప్తాను.

రానా వద్దా అని ఇంకోసారి అడిగితే నేనే అక్కడికొచ్చి ఈడ్చుకొస్తాను.

ఇప్పుడు పైపు సంగతి. నీ మార్చి ఉత్తరం మళ్లీ తీసి చదివాను. నిలబెట్టి నీళ్లు పోస్తే కారదు, రోడ్డు మీద తిరిగొస్తే కారుతుంది, ప్రతిసారీ ఇదే రాశావు. తిరుగుతున్నప్పుడు ఆ గదిలో ఏం జరుగుతోందో మీలో ఎవరైనా చూశారా? అన్నయ్య స్టీరింగు దగ్గర, నువ్వు ఆయన పక్కన. నడిచే బండిలో నిలబడి బతికిన మనిషివి, ముందు సీట్లో నీకేం పని?

అమల


ఎల్బీ నగర్,
జూన్

వదినా,

నువ్వు అన్నట్టే చేశాను. రోడ్డు మీద ట్రైలర్లో మనిషిని కూర్చోబెట్టి లాగకూడదు. అందుకని మా ప్లాటు వెనక గతుకుల దారిలో, మనిషి నడిచేంత మెల్లగా లాగమన్నాను. నేను స్నానాల గదిలో కమోడ్ మూత మీద కూర్చుని టార్చి వేసి చూశాను.

డబ్బా అంతా ఊగుతోంది. గోడ ఊగుతోంది, నేల ఊగుతోంది, నేను ఊగుతున్నాను. మీ అన్న వేసిన టైల్సూ, బిగించిన పైపులూ మాత్రం ఊగనంటున్నాయి. గుంట వచ్చినప్పుడల్లా గోడ ఒకవైపు పోతే పైపు పోకుండా మొండికేసి, కిర్రుమంటోంది. అప్పుడు అర్థమైంది. బస్సులో కొత్తగా నిలబడే వాళ్లు కాళ్లు బిగబడతారు. బ్రేకు పడితే ముందు పడేది వాళ్లే. మేం కండక్టర్లం మోకాళ్లు వదిలి నిలబడతాం. బస్సు కిటికీ అద్దాన్ని కూడా రబ్బరు పట్టీలోనే కూర్చోబెడతారు, ఇనుములో బిగిస్తే డిపో దాటకముందే పగులుతుంది. ఇదంతా తెలిసి కూడా ఇన్ని నెలలు నాకు తట్టలేదు.

మీ అన్నకు చెప్పాను. టైల్స్ పగలగొట్టాలి అన్నాను. ఆయన ముఖం చూడలేకపోయాను.

"నా పని తప్పంటవా? నేను కట్టిన బాత్రూము కారిందని ఇన్నేండ్లల్ల ఒక్కడన్న అన్నడా?"

"ఎవ్వరనలే. అవి ఇండ్లు. గీడనే ఉంటయ్. ఇది బందర్ పోవాలె."

ఆయన లేచి ప్లాటు చివర ఇటుకల మీద పోయి కూర్చున్నాడు. ఇంటికి వచ్చి పెట్టింది తిన్నాడు, పడుకున్నాడు. నాకోసం కట్టిన దాన్నే వద్దన్నానని నాకూ ఏడుపొచ్చింది. రెండు రోజుల తర్వాత పొద్దున్నే కనిపించలేదు. అల్మాస్‌గూడ పోయి చూస్తే లోపల సుత్తి చప్పుడు. నీలం టైల్స్ ఒక్కొక్కటీ తీసి గోనెసంచిలో వేస్తున్నాడు. నన్ను చూసి, "నిలవడి సూస్తవేంది, చీపురియ్యి" అన్నాడు.

ఇక కొత్త పని. మొదట వద్దన్న ఫైబర్ తట్టే తెచ్చాం. అతుకులేని ఒకే ముక్క. కాలు పెడితే కిందికి కుంగకుండా దాని కింద దళసరి షీటు పరిచాం. గట్టి పైపులు తీసేసి వంగే పైపులు వేసి, గుంట వచ్చినా లాగకుండా కొంచెం వదులు ఉంచాం. గోడకు పట్టే ప్రతిచోటా రబ్బరు ముక్క. మూలల్లో సిమెంటు బదులు, ఎండినా సాగే రబ్బరు గమ్ము. బిగించేటప్పుడు మీ అన్న పానా చేతిలోనే నేను చెయ్యి వేసి ఆపాల్సి వచ్చింది, లేకపోతే అలవాటు కొద్దీ మరలు అరిగేదాకా తిప్పేస్తాడు. గోడలో చిన్న తలుపు పెట్టించాను, అతుకులన్నీ కళ్లకు కనిపిస్తాయి. బయలుదేరే ముందు పంపు ఆపి, నల్లా విప్పి పైపుల్లో ఒత్తిడి తీసెయ్యాలి. ఆగిన ప్రతిచోటా అతుకుల కింద పాత పేపరు పెట్టి చూడాలి. తడిస్తే అక్కడికక్కడే సరిచేసుకోవచ్చు, చెక్క దాకా పోనివ్వకూడదు.

ఒక్కదాని మీద ఇంకా యుద్ధం నడుస్తోంది. ఆయన పెద్ద బకెట్ ఒకటి తెచ్చి తట్టలో పెట్టాడు. నిండిన బకెట్ దబ్బుమని దించితే తట్ట పగులుతుంది, తియ్యమన్నాను. "బకెట్ లేకుంట తానమెట్ల అయితది?" అని ఇప్పటికీ గొణుగుతున్నాడు.

నిన్న సాగర్ రింగు రోడ్డు దాకా తీసుకెళ్లి తెచ్చాం. తలుపు తీసి పేపర్లు చూశాను. అన్నీ పొడిగా ఉన్నాయి. షవర్ మెడ దగ్గరది మాత్రం అంచు కొంచెం తడిసింది. వాషరు మార్చి చూశాం, మళ్లీ అంతే తడి. చుక్క కారితే బయలుదేరనని నీకు రాశాను. ఆ పేపరు ముక్క చేతిలో పట్టుకుని పొద్దుటి నుంచి ఇంట్లో ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరుగుతున్నాను.

అరుణ


హయత్‌నగర్, రోడ్డు పక్కన,
జూలై

వదినా,

బయలుదేరాం. ముందే చెప్తే నువ్వు ఎదురుచూస్తావని, సగం దారిలోంచి తిరిగి వచ్చేస్తే మళ్లీ నీకు మొహం చూపించలేనని చెప్పలేదు.

పొద్దున వాన తెరిపి ఇచ్చాక డబ్బా తగిలించుకుని ఎల్బీ నగర్ చౌరస్తా దాటాం. పనామా, వనస్థలిపురం, అన్నీ నేను పేర్లు కేకేసిన స్టాపులే. ఒకచోట చెయ్యి ఊరికే టికెట్ల సంచి కోసం వెతుక్కుంది. హయత్‌నగర్ దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. ముందు లారీ, వెనక లారీ, లోపల ఉక్క. అక్కడ ఊడింది.

మీ అన్నకు వాసన తెలిసింది. అద్దం దించలేదు. నన్ను చూడలేదు. ఆ మాత్రం తెలిసిన మనిషి. ట్రాఫిక్ కదలగానే మెల్లగా పక్కకు తీసి, మూసి ఉన్న ఒక షాపు ముందు ఆపాడు. ఆపాక అడిగాడు.

"ఎనకకు పోదామా?"

ఇన్ని నెలలు చేసిందంతా హయత్‌నగర్ దాకా రావడానికా అనిపించింది. నీ మీద, ఆయన మీద, ఆ డాక్టరు మీద, అందరి మీదా కోపం వచ్చింది. దిగి, డబ్బాలోకి పోయి, స్నానాల గది తలుపు గడియ పెట్టాను. పంపు వేసి షవర్ విప్పాను.

నీళ్లు వచ్చాయి వదినా. బయట లారీలు పోతుంటే గోడ ఊగుతోంది. హారన్లు మోగుతున్నాయి, ఎవరో ఎవరినో తిడుతున్నారు. ఎవరూ నా తలుపు కొట్టలేదు. అంతా కడుక్కున్నాను, కొత్త సంచి అతికించుకున్నాను, తల కూడా తడుపుకున్నాను, అవసరం లేకపోయినా. రోడ్డు మధ్యలో తలస్నానం! తిరుపతి మెట్లెక్కి వచ్చినా ఇంత హాయిగా ఉండదు.

చీర కట్టుకున్నాక గోడలో చిన్న తలుపు తీసి పేపర్లు చూశాను. షవర్ మెడ దగ్గర తడిసింది. ఇదివరకటి కన్నా కొంచెం ఎక్కువే. చుక్క ఒకటి తయారై, వేలాడి, పడింది. నిలబడి చూశాను. పాత తువాలు మడిచి దాని కింద పెట్టి, తలుపు మూసి వచ్చేశాను.

మీ అన్న స్టీరింగు పట్టుకుని, వెనక్కి తిప్పడానికి డివైడరులో సందు ఎక్కడుందా అని కుడివైపు చూస్తున్నాడు. ఎక్కి కూర్చుని తలుపు వేశాను.

"గటు దిక్కు సూస్తవేంది?" అన్నాను. "బందర్ సీదా గదా."

"కారుతుందా?"

"కారుతుంది. పోనియ్."

పోనివ్వలేదు. ముందు పోయి టీ తాగొస్తానని దిగాడు. అక్కడ గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంటున్నాడు, నేను చూడలేదనుకుంటున్నాడు. ఈలోగా ఇది రాస్తున్నాను. ఎదురుగా పోస్టు డబ్బా ఉంది, అందులో వేస్తాను. ఇది చేరేసరికి మేం మీ ఇంట్లో ఉంటాం. పోస్టుమాన్ వచ్చి పిలిస్తే నువ్వు లేవకు, తలుపు నేను తీస్తాను.

నీ వదిన,
అరుణజ్యోతి